అజ్లూన్ కట్టిన ఉసామా, షైజర్ ఉసామా ఒకరేనా?

అమ్మాన్_అకౌంటెంట్:
అందరికీ నమస్కారం. జోర్డాన్‌లో ఉంటున్నాను, వచ్చి మూడేళ్లయింది. మొన్న శుక్రవారం సెలవు కదా అని ఆఫీసు కుర్రాళ్లతో అజ్లూన్ కోటకి వెళ్లాం. అమ్మాన్‌కి ఉత్తరంగా కారులో గంటన్నర ప్రయాణం. దారి పొడుగునా ఆలివ్ తోటలే. కోట మరీ పెద్దదేం కాదు, గోల్కొండ చూసిన కళ్లకి మొదట ‘ఇంతేనా’ అనిపించింది. పైన బురుజెక్కి చూస్తే తెలిసింది దాన్ని అక్కడే ఎందుకు కట్టారో. జోర్డాన్ లోయంతా చాప పరిచినట్టు కనబడుతుంది.

ఇక నా డౌటు. దీన్ని 1184లో ఉసామా అనే ఆయన కట్టించాడని గైడ్ చెప్పాడు. సింహాల్ని వేటాడి, క్రూసేడర్లతో స్నేహం చేసి, ముసలితనంలో తన కథ తనే రాసుకున్న ఉసామా కూడా ఈయనేనట. నా రూమ్మేటేమో కాదు, ఆ ఉసామా వేరు, ఆయనది సిరియాలోని షైజర్ అంటున్నాడు. బిర్యానీ పందెం కాశాం. కాస్త తేల్చండి.

పాతబురుజు:
వేరువేరు. బిర్యానీ మీ రూమ్మేట్‌కే. బస్సులో ఉన్నా, రాత్రికి రాస్తా.

కొబ్బరాకు:
ఒకరే అనుకుంటానండీ. నేను చూసిన రెండు టూరిజం పేజీల్లో అలాగే ఉంది. ఇద్దరూ క్రూసేడర్లతో పోరాడిన సలాహుద్దీన్ మనుషులే కదా.

తాళపత్రం:
కొబ్బరాకు గారూ, పేజీలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటాయి. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి, అదే తేలిపోతుంది.

కథ రాసుకున్న ఉసామా ఇబ్న్ మున్‌కిజ్ 1095లో పుట్టాడు, 1188లో డమాస్కస్‌లో పోయాడు. అంటే అజ్లూన్ కడుతున్నప్పుడు ఆయనకి దాదాపు 90 ఏళ్లు. అప్పటికి ఇల్లు కదలడం లేదు, చెయ్యి వణికి అక్షరం కుదరడం లేదని తనే వాపోయాడు. సింహాన్ని పొడిచిన ఈ చెయ్యి ఇప్పుడు కలాన్ని పట్టుకోలేకపోతోందని పద్యం కూడా చెప్పాడు.

అజ్లూన్ కట్టించింది ఇజ్జుద్దీన్ ఉసామా, సలాహుద్దీన్ సేనానుల్లో ఒకడు. 1197లో బేరూత్ ఆయన చేతిలోనే ఉంది. క్రూసేడర్లు వస్తున్నారని తెలిసి ఊరొదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అయ్యూబీ వంశంలో, అంటే సలాహుద్దీన్ వంశంలో, అన్నదమ్ముల గొడవల మధ్య ఇరుక్కుని, 1212 ప్రాంతంలో అజ్లూన్ కూడా పోగొట్టుకుని, కరక్ కోట చెరసాలలో పోయాడు. 1188లో పోయినవాడు తొమ్మిదేళ్ల తర్వాత బేరూత్ వదిలి పారిపోలేడు కదా!

అమ్మాన్_అకౌంటెంట్:
చాలా థాంక్స్ మేడమ్. బిర్యానీ పోయింది. అక్కడ నాలుగు బురుజులకి తర్వాత ఇంకో బురుజు చేర్చారని బోర్డు మీద చదివాను. అదెవరు?

తాళపత్రం:
ఐబక్ అని, అయ్యూబీ రాజు అల్ ముఅజ్జమ్ దగ్గరి మమ్లూక్, అంటే బానిస సైనికుడు. 1214-15లో పెంచాడు. ఆ చుట్టుపక్కల ఇనుప గనులుండేవి, లోయలో దారి ఉండేది. కరక్‌లో ఉన్న ఫ్రాంకుల (పశ్చిమ యూరప్ నుంచి వచ్చిన క్రూసేడర్ల) మీద ఒక కన్ను వేసి ఉంచడం కూడా దాని పనే. మంటల సైగలకీ పావురాల టపాకీ అదో మజిలీ. 1260లో మంగోలులు పాడుచేస్తే మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ బాగుచేయించాడు. దాని కథ దాదాపు అంతే. కాపలా కోట అది, కాపురం కోట కాదు.

కొబ్బరాకు:
ఒప్పుకున్నా. మరి ఆ రెండో ఉసామా కోట ఏది? కాపురం కోట అన్నారు కదా, ఆయనదేనా?

పాతబురుజు:
ఇల్లు చేరా. భోజనమయ్యింది. ఇప్పుడు చెప్తా.

ఆయనది షైజర్. సిరియాలో హమా పట్నానికి వాయవ్యంగా 28 కిలోమీటర్లు. 2009లో ఉద్యోగం పని మీద డమాస్కస్ వెళ్లినప్పుడు రెండ్రోజులు మిగిలితే చూసొచ్చా. హమాలో మైక్రో ఎక్కించారు, మన సెవెన్ సీటర్ ఆటోకి అన్నలాంటి బండి. డ్రైవర్ పక్కన నన్ను కూర్చోబెట్టి ‘హిందీ, హిందీ’ అని అందరికీ పరిచయం చేశాడు. హమాలో ఏటి ఒడ్డున ఆ పెద్ద చెక్క నీటిచక్రాలు రాత్రంతా మూలుగుతూనే ఉంటాయి. నాకైతే నిద్ర పట్టలేదు. తిరగలి, మోటబావి గిలక కలిపి మోగినట్టుంటుంది.

ఆ ఏరు పేరు ఆసీ. ఒరాంటిస్ అని అట్లాసుల్లో ఉంటుంది. అరబ్బీలో ఆసీ అంటే మాట విననిది, తిరగబడేది. మిగతా ఏళ్లకి ఎదురుగా ఉత్తరానికి పారుతుందని ఆ పేరు వచ్చిందంటారు. షైజర్ దగ్గర అది ఒక సన్నటి పొడవాటి రాతిగుట్టని చుట్టుకుని వెళ్తుంది. ఆ గుట్టకి పాతకాలం నుంచీ పేరు ‘కోడిజుట్టు’. దూరం నుంచి చూస్తే నిజంగానే అలా ఉంటుంది. దక్షిణం వైపు గుట్ట కొండకి అతుక్కుని ఉండేది, అక్కడ రాతిని నిలువునా కోసేసి అగడ్త చేశారు. ఏరు కాపలా కాయని వైపు ఆ అగడ్త కాస్తుంది.

కింద వంతెన. దాని కోసమే ఇంత యుద్ధం. ఆసీ దాటాలనుకున్న ప్రతివాడూ ఆ వంతెన దగ్గరికి రావాల్సిందే, పైనున్న వాళ్ల మొహం చూడాల్సిందే.

రాతిగోడ:
లోపలికి దారెలా ఉంది? ఫొటోలున్నాయా?

పాతబురుజు:
ఫొటోలున్న హార్డ్ డిస్క్ పోయింది అన్నా, అడక్కు. దారి అయితే చిన్న రాతి వంతెన మీదుగా ద్వారం బురుజులోకి. పైన మమ్లూక్ సుల్తాన్ ఖలావూన్ పేరుతో 1290 నాటి శాసనం. గమ్మత్తేంటంటే, అక్కడ ఇప్పుడు నిలబడి ఉన్నదాంట్లో చాలామట్టుకు ఉసామా కుటుంబం కట్టింది కాదు. వాళ్లు కట్టింది నేలమట్టమైంది. అది తర్వాత.

తాళపత్రం:
మీరు చెప్పేలోగా ఆ కుటుంబం గురించి నేను. బనూ మున్‌కిజ్ అంటే మున్‌కిజ్ సంతతి. కినానా అనే అరబ్ తెగ వాళ్లు. అలెప్పోని ఏలిన మిర్దాసుల కాలం నుంచే షైజర్ చుట్టూ పొలాలు వీళ్లవి. కోట మాత్రం 999 నుంచి బైజాంటియన్ (తూర్పు రోమన్) వాళ్ల చేతిలో ఉంది. ఊరు నాది, గడీ నీది అన్నట్టు.

ఉసామా తాత అలీ యుద్ధం చేసి పట్టలేదు. వంతెన పక్కన తనూ ఒక చిన్న కోట కట్టి, కోటలోకి రాకపోకలు బిగించి, లోపలున్న బిషప్పుతో బేరం పెట్టాడు. 1081 డిసెంబర్లో డబ్బిచ్చి తీసుకున్నాడు. ఉన్న క్రైస్తవుల్ని వెళ్లగొట్టలేదు. వాళ్ల పందుల్ని తన గొర్రెలతో కలిసి మేయనిచ్చానని, వాళ్ల గంట, మా అజాన్ పక్కపక్కనే వినబడేవని గొప్పగా చెప్పుకున్నాడట. మంచితనమే అనుకోండి, లెక్క కూడా ఉంది అందులో. ఊళ్లో పన్ను కట్టేవాళ్లు వాళ్లే మరి.

అలీ తర్వాతి ఏడే పోయాడు. పెద్దకొడుకు నసర్ 1098లో పోతూ, కోటని తమ్ముడు ముర్షిద్‌కి అప్పగించబోయాడు. ముర్షిద్ ఉసామా తండ్రి. నాకొద్దు అన్నాడు. ఆయనకి రెండే లోకాలు, ఖురాన్ రాసుకోవడం, వేటకెళ్లడం. కోట ఇంకో తమ్ముడికి వెళ్లింది. ఆ తమ్ముడి పేరు సుల్తాన్. పేరే అది, బిరుదు కాదు. చదివేటప్పుడు చాలామంది ఇక్కడే తికమకపడతారు.

కొబ్బరాకు:
వద్దన్నాడా? మా ఊళ్లో అరెకరం గట్టు కోసం అన్నదమ్ములు పదేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. 😀

పాతబురుజు:
ముర్షిద్ వేట గురించి ఒక ముక్క. వాళ్లింట్లో ఒక ఆడ చిరుత ఉండేది. పులి కాదు, వేటకి తర్ఫీదిచ్చే చీతా. దానికి వేరే చోటు, గడ్డి పరుపు, మఖమల్ బొంత, సేవకి ఒక పనిమనిషి. అదే వాకిట్లో జింకలు తిరిగేవి, వాటి జోలికి పోయేది కాదట. బయట అడవిలో మాత్రం ఒక్క జింకని వదిలేది కాదు. ఇలాంటివి చదివితే ఆ కోట నాకు కోటలా కాదు, ఎవరో బంధువుల ఇల్లులా అనిపిస్తుంది.

నిద్రలేని_రాత్రి:
మధ్యలో దూరుతున్నా సారీ. అసాసిన్లు ఈ కోట మీద దాడి చేశారని గేమ్ ఆడేటప్పుడు ఎవరో అన్నారు. నిజమా?

తాళపత్రం:
నిజమే. కానీ ఆ మాట వాడకపోతే మేలు బాబూ. శత్రువులు పెట్టిన తిట్టు అది. వాళ్లు నిజారీ ఇస్మాయిలీలు, షియాల్లో ఒక శాఖ. ఉసామా ‘బాతినీలు’ అంటాడు.

12వ శతాబ్దం మొదట్లో, ఈస్టర్ పండగ రోజు. ఊళ్లోని క్రైస్తవుల సంబరం చూడ్డానికి దొరలంతా కిందికి దిగారు. అదను చూసి ఒక గుంపు కోటలో దూరింది. ఇక్కడ ఉసామా తన పరాక్రమం కాదు, ఆడవాళ్ల సంగతి రాశాడు. అతను పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి కత్తులు, మెత్తకవచాలు వెతికితే ఏమీ లేవు. మన కోసం కొట్లాడేవాళ్లకి పంచేశాను అంది తల్లి. అక్క ఏది అంటే, బాల్కనీ అంచున లోయ వైపు కూర్చోబెట్టాను, వాళ్లు ఇక్కడిదాకా వస్తే తోసేద్దామని, అంది. ఆవిడ ఆ అంచున కూర్చుని ఉంది. ఫునూన్ అనే ముసలి దాసి ముసుగు బిగించి, కత్తి పట్టి, మగవాళ్లతో సమానంగా బయటికి నడిచింది. చివరికి దాడి చేసినవాళ్లని ఊడ్చేశారు.

తల్లి ఆలోచన నాకు మింగుడుపడదు. దాన్ని పొగుడుతూ రాసిన కొడుకు కూడా. కానీ దాచకుండా రాశాడు చూడండి, అందుకే ఆయన్ని చదువుతాను.

కొబ్బరాకు:
ఆయన రాసిందంతా నమ్మొచ్చా? ఫేస్‌బుక్‌లో ఫ్రాంకుల డాక్టర్ కథ తిరుగుతుంటుంది, గొడ్డలితో కాలు నరికాడని. నాకది మరీ ఎక్కువ చేసి చెప్పినట్టుంటుంది.

తాళపత్రం:
సగం కథే తిరుగుతోంది. ఉసామా బాబాయి సాబిత్ అనే క్రైస్తవ వైద్యుణ్ణి ఒక ఫ్రాంకు దొర దగ్గరికి పంపాడు. సాబిత్ ఒక సైనికుడి కాలిపుండుకి కట్టు వేసి, ఒక ఆవిడకి పథ్యం చెప్పి నయం చేస్తుంటే, ఫ్రాంకు వైద్యుడొచ్చి గొడ్డలి తెప్పించాడు. ఇద్దరూ పోయారు. ఇక్కడితో ఆపి షేర్ చేస్తారు.

దాని వెంటనే ఉసామా ఇంకో రెండు చెబుతాడు. గుర్రం తన్ని కాలు కుళ్లిన ఒక ఫ్రాంకు అధికారికి ఒక ఫ్రాంకు వైద్యుడు మందులన్నీ పీకేసి, ఘాటైన వెనిగర్‌తో కడిగి నయం చేశాడు. గండమాల ఉన్న పిల్లాడికి ఫ్రాంకు చెప్పిన మందు పనిచేసింది, తర్వాత ఆ మందు తనూ వాడి చూశానంటాడు. వాళ్లని తిడుతూనే, మంచి చేస్తే మంచి అన్నాడు. కట్టుకథలు ఉండొచ్చు, నోటిమాటగా విన్నవి ఉన్నాయి. కానీ ఏకపక్షం మాత్రం కాదు.

అమ్మాన్_అకౌంటెంట్:
క్రూసేడర్లతో స్నేహం అని గైడ్ అన్నది ఇదేనా?

పాతబురుజు:
ఇంకా ఉంది. ఒక ఫ్రాంకు సైనికుడు ఉసామాని ‘అన్నా’ అని పిలిచేవాడు. దేశం తిరిగి వెళ్లిపోతూ, నీ కొడుకుని నాతో పంపు, మా దేశంలో నాలుగు తెలివైన పద్ధతులు నేర్చుకుని వస్తాడు అన్నాడు. పిల్లాడికి 14 ఏళ్లు. ఉసామా మనసులో, వీణ్ణి చెరపట్టినా ఇంతకంటే హీనం కాదు అనుకున్నాడు. బయటికి మాత్రం, నాకూ అదే ఆశ, కానీ వాళ్ల నానమ్మకి వీడంటే ప్రాణం, వెంట తెచ్చేముందు తిరిగి తెస్తానని ఒట్టు వేయించుకుంది అన్నాడు. మీ అమ్మ ఇంకా ఉందా, అయితే ఆవిడ మాట కాదనకు అన్నాడట ఆ ఫ్రాంకు.

కొబ్బరాకు:
నానమ్మ ఒట్టు! పెళ్లి సంబంధాలు తప్పించుకోవడానికి మా ఇంట్లో ఇప్పటికీ వాడుతున్నారు.

రాతిగోడ:
నాకు కోట సంగతి కావాలి. ఇంత చిన్న సంస్థానం చుట్టూ అంతమంది పెద్దవాళ్లుండగా ఎలా బతికింది? గోడల బలమా?

పాతబురుజు:
గోడలు పాతిక పాళ్లు అనుకో అన్నా. మిగతాది బేరం. 1099లో క్రూసేడర్ల సైన్యం జెరూసలేం వైపు పోతూ షైజర్ పక్కనుంచే వెళ్లింది. సుల్తాన్ వాళ్లకి దారి చూపే మనుషుల్నిచ్చి, సరుకులు అమ్మనిచ్చి, బాబూ మీరు వెళ్లండి అని సాగనంపాడు. తర్వాత అంటియోక్‌లోని క్రూసేడర్ దొర టాంక్రెడ్‌తో ఒక ఏడు యుద్ధం, ఇంకో ఏడు కప్పం.

పెద్ద పరీక్ష 1138లో. బైజాంటియన్ చక్రవర్తి రెండో జాన్ స్వయంగా వచ్చాడు, ఏప్రిల్ చివరి నుంచి మే 21 దాకా. రాళ్లు విసిరే యంత్రాలు, మంజనీకులు, వరసగా నిలబెట్టాడు. ఒక్క రాయి పడితే ఇల్లు మొత్తం కూలేదని ఉసామా రాశాడు. అంటియోక్, ఎడెస్సాల క్రూసేడర్ దొరలు కూడా చక్రవర్తి వెంటే వచ్చారు, కానీ కోట దక్కితే తమకేం లాభమా అని లెక్కేసుకుంటూ డేరాలో పాచికలాడుతూ కూర్చున్నారు. చక్రవర్తి ఒక్కడే చెమటలు కక్కాడు. చివరికి సుల్తాన్ బోలెడు డబ్బూ గుర్రాలూ ఇచ్చి, పైగా 1071లో మంజికెర్ట్ దగ్గర బైజాంటియన్లు పోగొట్టుకున్న రత్నాల శిలువ కూడా ఇచ్చి పంపించాడు.

ఆ ముట్టడిలోదే ఒక సంగతి. రాయి తగిలి ఒకడి కాలు విరిగింది. కోట గుమ్మంలో కూర్చున్న సుల్తాన్ ముందుకి తెస్తే, కట్లు కట్టేవాణ్ణి పిలవండి అన్నాడు. అతను గోడ చాటున కూర్చుని కట్టు కడుతుండగా ఇంకో రాయొచ్చి ఆ మనిషి తల మీదే పడింది. కట్లవాడు తిరిగొచ్చాడు. అప్పుడే అయిందా అని అడిగాడు సుల్తాన్. రెండో రాయొచ్చింది దొరా, ఇక కట్టు అక్కర్లేదు, అన్నాడు.

నిద్రలేని_రాత్రి:
నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

తాళపత్రం:
అదే ఏడు ఇంట్లో ఇంకో ముట్టడి. సుల్తాన్‌కి చాలాకాలం మగపిల్లలు లేరు. ఉసామాని కొడుకులా పెంచాడు, యుద్ధం నేర్పాడు. లేటు వయసులో సొంత కొడుకులు పుట్టారు, దాంతో చూపు మారింది. దాన్ని అందరికంటే ముందు కనిపెట్టింది ఉసామా నానమ్మ. ఒక రాత్రి అతను వేటాడిన సింహం తల పట్టుకుని కోటలోకి వచ్చాడు. జనం కాగడాలతో వెంట. నానమ్మ కూడా దీపం పట్టుకుని ఎదురొచ్చింది. మెచ్చుకుంటుందనుకుంటే, ఇలాంటి పనుల వల్ల మీ బాబాయికి నువ్వు దగ్గరవుతావనుకుంటున్నావా, ఇంకా దూరమవుతావు అంది.

ముర్షిద్ 1137లో పోయాడు. అన్న అడ్డు పోయాక, 1138లో సుల్తాన్ ఉసామానీ అతని అన్నదమ్ముల్నీ కోటలోంచి వెళ్లగొట్టాడు. ఉసామాకి 43 ఏళ్లు. అక్కడి నుంచి డమాస్కస్, కైరో, మళ్లీ డమాస్కస్. కైరోలో ఫాతిమీ ఖలీఫా హత్య వెనకాల కుట్రల్లో ఈయన చెయ్యి కూడా ఉందనే అంటారు. నా ఉద్దేశం కూడా అదే, తన పుస్తకంలో అక్కడ మాత్రం కాస్త తడబడతాడు. కుటుంబాన్ని ఈజిప్టు నుంచి ఓడలో రప్పిస్తే, అభయపత్రం ఇచ్చి కూడా జెరూసలేం రాజు మనుషులు దోచేశారు. మనుషులు బతికి బయటపడ్డారు. డబ్బూ నగలూ పోయినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. 4,000 పుస్తకాలు పోయాయి, బతికున్నన్నాళ్లూ గుండెలో ఆ మంట ఉంటుందన్నాడు.

రాతిగోడ:
ఆ కోట నేలమట్టమైందన్నారు. భూకంపమేనా? ఆ లోయ పక్కనుంచే మృతసముద్రం భ్రంశరేఖ పోతుంది కదా.

పాతబురుజు:
అదే. 1157 ఆగస్టు. సుల్తాన్ పోయాక కొడుకు తాజుద్దౌలా దొర. తన కొడుక్కి సున్తీ వేడుక అని కుటుంబం మొత్తాన్ని కోటకి పిలిచాడు. ఇల్లంతా చుట్టాలు. అప్పుడు నేల కదిలింది. ఇబ్న్ అల్ అసీర్ అనే చరిత్రకారుడు రాసింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఇంట్లో ఒకాయనకి ఒక గుర్రమంటే ప్రాణం, కళ్ల ముందు ఉండాలని గుమ్మం దగ్గరే కట్టేసి ఉంచేవాడు. జనం ప్రాణాలు అరచేత పట్టుకుని గుమ్మం వైపు పరిగెత్తారు. ముందు వచ్చినవాణ్ణి గుర్రం తన్ని చంపింది. వెనకున్నవాళ్లు ఆగిపోయారు. కప్పు వాళ్ల మీద పడింది. రాళ్ల కిందనుంచి ప్రాణంతో తీసింది తాజుద్దౌలా భార్యని.

అదే భూకంపంలో హమాలో ఒక బడిపంతులు ఏదో పని మీద బయటికొచ్చాడు. బడి కూలి పిల్లలంతా పోయారు. ఆయన చెప్పిందేమంటే, మా పిల్లాడేడీ అని అడగడానికి ఒక్కరూ రాలేదు.

రాతిగోడ:
…

ఇంజినీరుగా ఒక్కటే చెప్తా. సన్నటి గుట్ట శిఖరం మీద కంపం కింద నేల మీద కంటే ఎక్కువ ఊపుతుంది. పైగా ఆ కాలం గోడలు బయట చెక్కిన రాయి, లోపల సున్నంలో కలిపిన గులకరాళ్లు. పైపొర విడిపోతే లోపలిదంతా కారిపోతుంది. శత్రువుకి అందకుండా కాపాడిన ఆ ఎత్తే ఆ రోజు వాళ్ల మీదికొచ్చింది. మా సైట్లో ఇప్పటికీ కొండ మీద కట్టేవాళ్లకి ఇదే మొత్తుకుంటాం, వినరు.

కొబ్బరాకు:
అంటే బాబాయి గెంటేసినందుకే ఉసామా బతికాడు.

తాళపత్రం:
అవును. అప్పుడాయనకి 62. డమాస్కస్‌లో సిరియా ఏలిక నూరుద్దీన్ కొలువులో ఉన్నాడు. మేనత్తల కొడుకులు, బాబాయి కొడుకులు, తనని వెళ్లగొట్టినవాళ్ల పిల్లలు, అందరూ ఒక్క పూటలో లేకుండాపోయారు. కోపం తీర్చుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు. పాడుబడ్డ ఇళ్లు, విడిచిన ఊళ్ల మీద అరబ్బీ కవులు చెప్పిన పద్యాలన్నీ పోగేసి ఒక పెద్ద సంకలనం చేశాడు. ఈ పని ఎందుకు పెట్టుకున్నానంటే మా ఊరు నాశనమైంది కనక అని ముందుమాటలో చెప్పుకున్నాడు.

కోటని నూరుద్దీన్ తీసుకుని, బాగుచేయించి, ఇబ్న్ అల్ దాయా కుటుంబానికి ఇచ్చాడు. 1170లో మళ్లీ భూకంపం. 1233లో అలెప్పో అయ్యూబీలు లాక్కున్నారు. తర్వాత మమ్లూకులు. పాతబురుజు గారు చూసిన ద్వారం వాళ్లదే.

పాతబురుజు:
నేను వెళ్లినప్పుడు గుట్ట మీద చివరికంటా నడిచా. కింద ఆసీ, అవతలి ఒడ్డున తోటలు. ఒక కుర్రాడు మేకలు కాస్తున్నాడు. నా దగ్గరున్న మురుకుల పొట్లం ఇచ్చా, అతను దానిమ్మకాయ ఇచ్చాడు. రెండేళ్లకే అక్కడ యుద్ధం మొదలైంది. అతనేమయ్యాడో.

అమ్మాన్_అకౌంటెంట్:
ఇవాళ మళ్లీ అజ్లూన్ వెళ్లొచ్చా, ఈసారి రూమ్మేట్‌తో. బిర్యానీ బాకీ అక్కడే తీర్చేశాను, మన్సఫ్‌తో (ఇక్కడి మాంసం, అన్నం వంటకం) సరిపెట్టుకున్నాడు. గైడ్ కనబడితే, ఇద్దరు ఉసామాలున్నారు, మీది బేరూత్ వదిలి పారిపోయినవాడు అని చెప్పాను. ఆయన కాసేపు నా వంక చూసి, పారిపోయాడని టూరిస్టులకి చెబితే టిప్పు ఇస్తారా అన్నాడు.

మోడరేటర్:
శీర్షికలో ‘ఒకరేనా’ అన్న ప్రశ్న తీసేసి ‘ఇద్దరు ఉసామాలు’ అని పెట్టమని ముగ్గురు రాశారు. వద్దులెండి, అదే డౌటుతో వెతికేవాళ్లకి ఇలాగే దొరుకుతుంది. మన్సఫ్ ఫొటో మాత్రం వంటల విభాగానికి మార్చాను.